జబ్బుపడనివాళ్లనూ అడగాలి: ఆరోగ్య ప్రమాదాల దర్యాప్తు, మొదటి గంట నుంచి చివరి నివేదిక దాకా

విందు తిన్నవాళ్లలో నలభై మందికి వాంతులు పట్టుకున్నాయని కబురొస్తే అందరూ ఆసుపత్రికి పరుగెత్తుతారు. వైద్యం చేసేవాళ్లు పరుగెత్తాల్సిందే. కారణం వెతకాల్సినవాళ్లు కూడా అక్కడే ఆగిపోతే మాత్రం పని సగంలో నిలిచిపోతుంది. అదే విందులో తిని, ఇంటికెళ్లి సుఖంగా నిద్రపోయినవాళ్లు ఇంకో అరవై మంది ఉంటారు. వాళ్లు ఏం తిన్నారో, ఏం తినలేదో తెలిసేదాకా ఆ నలభై మంది చెప్పినదాంట్లో ఏది పనికొస్తుందో తేల్చుకోలేం.

ఫ్యాక్టరీలో ఇది తిరగబడుతుంది. అక్కడ మన లెక్కలోంచి జారిపోయేది జబ్బుచేసి పని మానేసినవాళ్లు. ఇవాళ మిషన్ దగ్గరున్నవాళ్లంతా దిట్టంగా కనిపిస్తున్నారంటే, తట్టుకోలేనివాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. కలుషితాహారమైనా, ద్రావకాల ఆవిరైనా, దుమ్మైనా, దర్యాప్తు నైపుణ్యమంతా ఎదుట లేనివాళ్లను లెక్కలోకి తేవడంలోనే ఉంది. కింది మెట్లకు వరస నంబర్లు వేశాను. క్షేత్రంలో మాత్రం మూడోది నడుస్తుండగానే ఆరోది మొదలవుతుంది, రెండోదానికి మళ్లీ వెనక్కి రావాల్సొస్తుంది.

## 1. మొదటి గంట: సాక్ష్యం కడిగేయకుండా ఆపండి

ఫోన్ రాగానే చెప్పాల్సిన మొదటి మాట: "వంటగది కడగొద్దు, మిగిలినవి పారబోయొద్దు." చెడ్డపేరొస్తుందన్న భయంతో, లేదా శుభ్రం చేస్తే మంచిదే కదా అన్న సదుద్దేశంతో, మనం చేరేసరికి గిన్నెలన్నీ తోమేసి ఉంటారు. మిగిలిన ప్రతి పదార్థాన్నీ విడివిడిగా, శుభ్రమైన డబ్బాల్లో, ఫ్రిజ్‌లో పెట్టించండి. చెత్తబుట్టలో పడ్డ ప్యాకెట్ల మీది బ్యాచ్ నంబర్లు కూడా సాక్ష్యమే.

పని ప్రదేశమైతే ముందు మీ ప్రాణం చూసుకోండి. ట్యాంకులు, మ్యాన్‌హోల్‌లు, గోతుల్లో ఒకరు పడిపోతే కాపాడబోయిన ఇద్దరు ముగ్గురు కూడా చనిపోవడం ప్రపంచమంతటా పదేపదే జరుగుతున్నదే. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) చుట్టుపక్కలకు చేరితే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని అనుకోవద్దు. గ్యాస్ మీటర్, గాలి సరఫరా ఉన్న పరికరం లేకుండా లోపలికి దిగకూడదు.

బయల్దేరే ముందు ల్యాబ్‌కు ఒక ఫోన్ చేయండి. ఏ శాంపిల్ ఎంత కావాలి, ఏ డబ్బాలో, ఎంత చల్లగా తేవాలి అని అడిగి రాసుకోండి. ఈ అయిదు నిమిషాల ఫోన్ మానేసి, తెచ్చిన శాంపిళ్లన్నీ పనికిరాకుండా చేసుకునే బృందాలున్నాయి.

## 2. నిజంగా ఏమైనా జరిగిందా?

పది కేసులు వచ్చాయంటే అదే వ్యాప్తి అయిపోదు. మామూలుగా ఇదే కాలంలో, ఇంతే జనాభాలో ఎన్ని వస్తాయి? ల్యాబ్ ఈ మధ్య కొత్త పరీక్ష మొదలుపెట్టిందా? కొత్త డాక్టర్ వచ్చి ప్రతి కేసూ నమోదు చేస్తున్నారా? ఇలాంటి కారణాలతో జబ్బు పెరగకుండానే అంకె పెరుగుతుంది.

ఆఫీసుల్లో "మా అంతస్తులో అయిదుగురికి క్యాన్సర్" అన్న ఫిర్యాదు తరచూ వస్తుంది. భయం నిజమే, కొట్టిపారేయకూడదు. కానీ అడిగిచూస్తే ఒకరిది రొమ్ము, ఒకరిది పెద్దపేగు, ఒకరిది థైరాయిడ్ క్యాన్సర్ అయి ఉంటుంది. క్యాన్సర్ అన్నది ఒకే జబ్బు కాదు. వేర్వేరు రకాలు ఒకచోట కనిపించడం, వయసు పైబడ్డ సిబ్బందిలో, చాలాసార్లు యాదృచ్ఛికమే. అసలు గుర్తు వేరుగా ఉంటుంది. 1974లో అమెరికాలోని లూయీవిల్‌లో వినైల్ క్లోరైడ్‌తో పనిచేసే ఒక ప్లాంటు కార్మికుల్లో ముగ్గురికి కాలేయంలో ఆంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ ఉన్నట్టు బయటపడింది. జీవితకాలంలో చాలామంది డాక్టర్లు ఒక్క కేసు కూడా చూడనంత అరుదైన జబ్బది. ఒకే ప్లాంటులో మూడు చాలు, గంట మోగడానికి. సంఖ్య ఒక్కటే చూడొద్దు. ఎంత అరుదైనది, అందరిదీ ఒకే రకమా అన్నవీ చూడాలి.

## 3. ఎవరిని కేసు అనాలి?

ఇది రాతపూర్వకంగా ఉండాలి: ఏ లక్షణాలు, ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. ఉదాహరణకు: "ఫలానా రోజు ఆ భవనంలో భోజనం చేసి, ఆ తర్వాతి 72 గంటల్లో 24 గంటల వ్యవధిలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు, లేదా వాంతులు అయినవారు." ల్యాబ్‌లో తేలినవాళ్లను నిర్ధారిత కేసులని, లక్షణాలు మాత్రమే ఉన్నవాళ్లను సంభావ్య కేసులని వేరుచేయండి.

మీకు అనుమానమున్న కారణాన్ని నిర్వచనంలోకి ఎక్కించకూడదు. "పెరుగు తిని జబ్బుపడినవారు" అని రాస్తే పెరుగు తినకుండా జబ్బుపడినవాళ్లు లెక్కలోకే రారు. ఆ తర్వాత నూటికి నూరుమందీ పెరుగు తిన్నారని తేలడంలో వింతేముంది?

మరీ ఇరుగ్గా గీసినా చిక్కే. 1976 జూలైలో ఫిలడెల్ఫియా హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశానికి వచ్చినవాళ్లలో తీవ్రమైన న్యుమోనియా మొదలైంది. సమావేశానికి రాకుండా, ఆ హోటల్ ముందు వీధిలో నడిచివెళ్లినవాళ్లలోనూ కొందరు జబ్బుపడ్డారు. వాళ్లను "బ్రాడ్ స్ట్రీట్ న్యుమోనియా" పేరుతో వేరుగా లెక్కపెట్టారు. లోపలికి అడుగుపెట్టనివాళ్లకూ సోకిందంటే తిండి మీద, తాగిన నీళ్ల మీద అనుమానం తగ్గి గాలి మీదికి మళ్లుతుంది. చివరికి లీజియోనెల్లా బ్యాక్టీరియా దొరికింది 1977 జనవరిలో. కలరా చరిత్రలో పేరుపడ్డ వీధి కూడా బ్రాడ్ స్ట్రీటే, లండన్‌ది. దాని సంగతి ముందుంది.

మొదట్లో వలను వెడల్పుగా వేయండి. విశ్లేషణ సమయానికి బిగించొచ్చు.

## 4. లైన్ లిస్ట్, దాని వెనక సంభాషణ

లైన్ లిస్ట్ అంటే ఒక మనిషికి ఒక వరస. వయసు, లింగం, పని విభాగం, షిఫ్ట్, లక్షణాలు, మొదలైన తేదీ, గంట, తిన్నవి, శాంపిల్ ఇచ్చారా లేదా. గంట తప్పనిసరి. "నిన్న రాత్రి" అని రాసుకొస్తే తర్వాత గ్రాఫ్ గీయలేం. "పడుకునే ముందా, నిద్రలో లేచారా, తెల్లారాకా?" అని అడిగితే గంట దొరుకుతుంది.

కారణం ఇంకా తెలియనప్పుడు కనీసం మూడు రోజుల తిండి అడగాలి. జనం మాత్రం వాంతికి ముందు చివరిసారి తిన్నదానిమీదే నింద వేస్తారు. అది సహజం, చాలాసార్లు తప్పు. జబ్బుపడినవాళ్లు ఆ భోజనాన్ని మనసులో పదిసార్లు తిరగేసి ఉంటారు, బాగున్నవాళ్లు మరిచిపోయి ఉంటారు. అందుకే ఇద్దరినీ ఒకే ప్రశ్నపత్రంతో, ఒకే వరసలో, వీలైతే మెనూ చూపించి అడగండి. "సలాడ్ తిన్నారా?" అని మీ అనుమానం బయటపెట్టకుండా జాబితా మొత్తం చదవండి.

పనిచేసేచోట లక్షణాల కన్నా వాటి రాకపోకలు ఎక్కువ చెబుతాయి.

"అన్నా, దగ్గు సెలవురోజుల్లో ఎలా ఉంటుంది?"

"ఇంటి దగ్గర అంతగా ఉండదండీ. పనిలోకొచ్చిన రోజు సాయంత్రానికి మళ్లీ మొదలు."

"పండగకు వారం రోజులు వెళ్లొచ్చారు కదా, అప్పుడో?"

"అప్పుడు అసలు లేదండీ. మా ఆవిడే అంది, ఉద్యోగం మానేస్తే పోతుందేమో అని."

ఈ నాలుగు మాటల్లో పనికీ జబ్బుకూ ఉన్న బంధం సగం తేలిపోయింది. జింక్ పూత ఉన్న ఇనుమును వెల్డింగ్ చేసేవాళ్లకు వచ్చే లోహధూమ జ్వరం విరామం తర్వాతి మొదటి పనిరోజున ఎక్కువగా వస్తుంది. వారమంతా శరీరం కొంత అలవాటుపడుతుంది, సెలవులో ఆ అలవాటు పోతుంది. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్‌లోనూ ఛాతీ పట్టేయడం మొదట్లో అలా సోమవారాల్లోనే కనిపిస్తుంది. వృత్తి ఆస్తమా అనుమానముంటే ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి, రోజుకు కనీసం నాలుగుసార్లు, రెండు మూడు వారాలపాటు, సెలవురోజులు కూడా కలిపి ఊదించి రాయించండి. సెలవురోజు రీడింగులు లేని చార్టుతో ఏమీ తేలదు.

సూపర్‌వైజర్ పక్కనుండగా కార్మికుణ్ని ప్రశ్నించకండి. ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు, అలా వచ్చే జవాబులు నిజంగా పనికిరావు.

## 5. కాలం: గ్రాఫ్ గీసి వెనక్కి లెక్కపెట్టండి

అడ్డంగా సమయం, నిలువుగా కేసుల సంఖ్య. దీన్నే ఎపిడెమిక్ కర్వ్ అంటారు. ఒకేచోట, ఒకేసారి సోకితే గ్రాఫ్ ఒక్కసారిగా లేచి, మెల్లగా దిగుతుంది. మనిషి నుంచి మనిషికి పాకుతుంటే అలల్లా, ఒక్కో అల మునుపటిదానికన్నా ఎత్తుగా వస్తుంది. మూలం ఇంకా తెరిచే ఉంటే ఎత్తు తగ్గకుండా సాగుతుంది. గ్రాఫులో ఒక్కో గడి వెడల్పు, అనుమానమున్న జబ్బు పొదిగే కాలంలో (సోకినప్పటి నుంచి లక్షణాలు మొదలయ్యేదాకా పట్టే సమయంలో) మూడో వంతో నాలుగో వంతో ఉంటే ఆకారం తేటగా కనబడుతుంది.

పొదిగే కాలాలు కొన్ని నోటికి వచ్చి ఉండాలి:

- స్టాఫిలోకాకస్ విషం: అరగంట నుంచి 8 గంటలు, వాంతులే ఎక్కువ. బాసిల్లస్ సిరియస్ వాంతుల రకమూ దాదాపు ఇంతే.
- క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్: 6 నుంచి 24 గంటలు. కడుపునొప్పి, విరేచనాలు ఉంటాయి. వాంతులు, జ్వరం అరుదు.
- నోరోవైరస్: 12 నుంచి 48 గంటలు.
- సాల్మొనెల్లా: 6 గంటల నుంచి 6 రోజులు, జ్వరంతో.
- ఈ. కోలై ఓ157: ఎక్కువగా 3 నుంచి 4 రోజులు, రక్త విరేచనాలు.
- హెపటైటిస్ ఎ: 15 నుంచి 50 రోజులు, సగటున 28.

తిన్న నిమిషాల్లోనే వాంతులైతే సూక్ష్మజీవిని పక్కనపెట్టి రసాయనాన్ని, లోహాన్ని అనుమానించండి. ఏ భోజనమో తెలియకపోయినా జబ్బు ఏదో తెలిస్తే గ్రాఫ్ శిఖరం నుంచి సగటు పొదిగే కాలాన్ని వెనక్కి లెక్కపెట్టి ఆ పూటను పట్టుకోవచ్చు. పూట తెలిసి జబ్బు తెలియకపోతే లెక్క అటునుంచి నడుస్తుంది.

గుంపుకు దూరంగా, ఒంటరిగా నిలిచిన కేసుల్ని వదలకండి. అందరికన్నా ముందు జబ్బుపడినవారు వంటమనిషే కావచ్చు. అందరికన్నా ఆలస్యంగా పడినవారు మిగిలినది ఇంటికి పట్టుకెళ్లి మర్నాడు తిన్నవారు కావచ్చు.

## 6. స్థలం: మ్యాపులో ఖాళీలు

1854 లండన్ కలరా కథ చాలామందికి తెలిసిందే. జాన్ స్నో అనే డాక్టర్ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చావుల్ని గుర్తించారు, సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. కథలో నాకు నచ్చేది మాత్రం ఖాళీలు. ఆ పంపుకు దగ్గర్లోనే 535 మంది ఉండే వర్క్‌హౌస్‌లో (నిరుపేదలను ఉంచి పనిచేయించే చోటు) కలరాతో చనిపోయింది అయిదుగురే. వాళ్లకు సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు తయారీశాలలో డెబ్బై మందికి పైగా పనిచేస్తుంటే ఒక్కరూ పోలేదు. వాళ్లకు బీరు ఉచితం, పంపు నీళ్ల జోలికి వెళ్లేవారు కాదు. ఇటు చూస్తే చాలా దూరాన హ్యాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు కలరాతో చనిపోయింది. ఆ పంపు నీళ్ల రుచి నచ్చి, పనిగట్టుకుని తెప్పించుకునేదట. ఉండాల్సినచోట లేని చావులు, ఉండకూడనిచోట ఉన్న ఒక్క చావు చుక్కల గుంపు కన్నా బలంగా వాదించాయి. పిడి తీసేనాటికే వ్యాప్తి తగ్గుముఖం పట్టిందని కూడా చెప్పుకోవాలి. స్నో స్వయంగా ఒప్పుకున్న విషయమే అది.

మీరూ అదే చేయండి. ఫ్యాక్టరీ నేల ప్లాను తీసుకుని కేసుల్నీ, బాగున్నవాళ్లనూ వేర్వేరు రంగుల్లో పెట్టండి. గాలి ఎటు వీస్తుందో, ఎగ్జాస్ట్ ఎటు లాగుతుందో బాణాలు గీయండి. సన్నగా పొగ వదిలే చిన్న పరీక్ష గొట్టం (స్మోక్ ట్యూబ్) ఒక్కటి చాలు, ఫ్యాన్ తిరుగుతున్నా గాలి లాగడం లేదని తెలిసిపోవడానికి.

## 7. పరీక్ష: తిన్నవాళ్లు, తిననివాళ్లు

ఎవరెవరు తిన్నారో పూర్తి జాబితా దొరికితే అందరినీ అడగండి. దీనికి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయిన ఉదాహరణ 1940 ఏప్రిల్ 18న న్యూయార్క్ రాష్ట్రం ఓస్వీగో కౌంటీలో జరిగిన ఒక చర్చి విందు. వచ్చినవారు 80 మంది, వివరాలు దొరికింది 75 మందివి, వారిలో జబ్బుపడింది 46 మంది.

| పదార్థం | తిన్నవాళ్లలో జబ్బు | తిననివాళ్లలో జబ్బు |
|---|---|---|
| హ్యామ్ | 46లో 29 (63%) | 29లో 17 (59%) |
| వెనీలా ఐస్‌క్రీమ్ | 54లో 43 (80%) | 21లో 3 (14%) |
| చాక్లెట్ ఐస్‌క్రీమ్ | 47లో 25 (53%) | 27లో 20 (74%) |

జబ్బుపడినవాళ్లను మాత్రమే అడిగి ఉంటే? 46లో 29 మంది హ్యామ్ తిన్నారు. మాంసం కాబట్టి అనుమానం దానిమీదే పడేది. తిననివాళ్ల గడి పక్కన పెట్టగానే హ్యామ్ నిర్దోషి అని తేలిపోయింది. వెనీలా దగ్గర 80కి 14, అంటే దాదాపు 5.6 రెట్లు. ఇదే సాపేక్ష ముప్పు.

చాక్లెట్ వరస చూసి, అది తింటే రక్షణ అని మురిసిపోకండి. చాక్లెట్ తీసుకున్నవాళ్లలో కొందరు వెనీలా తీసుకోలేదు, అంతే. ఒక పదార్థం మంచి చేసినట్టు కనబడితే, దానికి బదులు జనం వదిలేసింది ఏమిటని వెతకండి. వెనీలా తినకుండా జబ్బుపడిన ముగ్గురి మాటేమిటి? గుర్తులేక తినలేదని చెప్పి ఉండొచ్చు, ఒకే గరిటె రెండింటిలో ముంచి ఉండొచ్చు, ఆ రోజు వేరే కడుపునొప్పి వచ్చి ఉండొచ్చు. ప్రతి దర్యాప్తులోనూ ఇలాంటి ముగ్గురు మిగులుతారు. వాళ్లను నివేదికలోంచి మాయం చేయకండి.

అసలు జనాభా ఎంతో తెలియనప్పుడు, అంటే ఊరంతా అమ్మిన సరుకు అయినప్పుడు, కేసులతో పోల్చడానికి జబ్బుపడనివాళ్లను కొందరిని (కంట్రోల్స్‌ను) ఎంచుకోవాలి. అప్పుడు రేట్లు దొరకవు, ఆడ్స్ రేషియో (జబ్బుపడినవాళ్లకూ పడనివాళ్లకూ ఉన్న నిష్పత్తిని తిన్నవాళ్లలో, తిననివాళ్లలో పోల్చే అంకె) మాత్రమే దొరుకుతుంది. పై వెనీలా అంకెల్లో తిని బాగున్నవాళ్లు 11, తినక బాగున్నవాళ్లు 18. అది కడితే 43ని 18తో గుణించి, 11ని 3తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. 23.5 వస్తుంది. అసలు ముప్పు 5.6 రెట్లే. జబ్బు ఎక్కువమందికి వచ్చినచోట ఆడ్స్ రేషియో ఇలా ఉబ్బిపోతుంది. ఆ అంకెను "23 రెట్ల ముప్పు" అని పత్రికలకు చెప్పడం తప్పు.

జనం జ్ఞాపకమే దెబ్బతీసిన సందర్భం 2011లో జర్మనీలో వచ్చింది. ఈ. కోలై ఓ104:హెచ్4 వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదటి ఇంటర్వ్యూల్లో టొమాటోలు, దోసకాయలు, సలాడ్ ఆకులు ముందుకొచ్చాయి. అధికారులు స్పెయిన్ దోసకాయల పేరు ప్రకటించారు, అక్కడి రైతులు కుప్పకూలారు. తర్వాత ఆ దోసకాయల మీది బ్యాక్టీరియా వేరని తేలింది. అసలు దోషి మొలకలు. పళ్లెం అంచున అలంకారంగా చల్లినవాటిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పరిశోధకులు తినేవాళ్లను వదిలి వంటవాళ్ల దగ్గరికి వెళ్లారు. రెస్టారెంట్‌లో ఏ డిష్‌లో ఏం వేస్తారో వంటవాళ్లను, ఎవరు ఏ డిష్ తీసుకున్నారో గుంపుల బిల్లులను, ఫొటోలను అడిగారు. అప్పుడు మొలకలు బయటపడ్డాయి. ఆ గింజలు మెంతులు, ఈజిప్టు నుంచి వచ్చినవి.

## 8. వంటగదిలోకి

తనిఖీ చేసేవారి కళ్లతో మురికి వెతకొద్దు. అనుమానమున్న పదార్థం ఒక్కదాన్ని పట్టుకుని, సరుకు దిగిన క్షణం నుంచి వడ్డన దాకా దాని వెంట నడవండి. ఎవరు ముట్టుకున్నారు, ఎంతసేపు, ఎంత వేడిలో? వండినవారితో "ఆ రోజు చేసినట్టే చేసి చూపించండి" అనండి. చెప్పినదానికీ చేసి చూపించినదానికీ తేడా ఎప్పుడూ ఉంటుంది.

సూక్ష్మజీవులు పెరిగేది సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. పెద్ద గిన్నెలో లోతుగా ఉన్న వంటకం నడిమధ్యలో గంటల తరబడి ఆ వేడి నిలుస్తుంది. అమెరికా ఫుడ్ కోడ్ లెక్కలో 57 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో చల్లారాలి. పర్‌ఫ్రింజెన్స్ బీజాలు ఉడికించినా చావవు, ఈ నిదానపు చల్లారింపులోనే మేల్కొంటాయి.

స్టాఫిలోకాకస్ సంగతి ఇంకో రకం. మళ్లీ వేడిచేస్తే బ్యాక్టీరియా చస్తుంది, అది విడిచిన విషం చెక్కుచెదరదు. అలాంటి ఆహారాన్ని కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపితే "ఏమీ పెరగలేదు" అని వస్తుంది. విషానికి కూడా పరీక్ష చేయమని రాసి పంపాలి.

మలం శాంపిళ్లు యాంటీబయాటిక్ మొదలుకాక ముందే, అయిదు నుంచి పదిమంది దగ్గర తీసుకుంటే చాలు. కల్చర్‌కు వెళ్లేవాటిని చల్లగా ఉంచండి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించకండి. ల్యాబ్ ఫలితం రాలేదని ప్రమాదకరమైన సరుకును అమ్మనివ్వడం క్షమించరాని తప్పు. అంకెలు స్పష్టంగా ఉంటే ముందు ఆపండి, పేరు తర్వాత తెలుస్తుంది.

## 9. పని ప్రదేశంలో కొలతలు

ఇక్కడ పొదిగే కాలం గంటలు కాదు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు. మూలం దాక్కోదు, కళ్లెదుటే ఉంటుంది. దానివల్లే జబ్బు వచ్చిందా అన్నదే ప్రశ్న.

ముందు పని మొత్తం మొదటి నుంచి చివరిదాకా నడిచి చూడండి. ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ అడగండి. ఆ షీట్‌లో లేనివే ఎక్కువ ముఖ్యం: వేడిచేస్తే ఏమవుతుంది, రెండు కలిస్తే ఏం పుడుతుంది, కోస్తే ఎలాంటి దుమ్ము లేస్తుంది. రోజూ చేసే పని కన్నా అప్పుడప్పుడూ చేసేవి, అంటే ట్యాంకు కడగడం, ఫిల్టర్ మార్చడం, రాత్రి షిఫ్ట్‌లో మరమ్మతులు, ఎక్కువ ప్రమాదకరం. ఆ పనులు కాంట్రాక్టు మనుషులు చేస్తారు, వాళ్లు సంస్థ హాజరు పుస్తకంలోనే ఉండరు. వాళ్లనూ జాబితాలోకి తెండి.

గాలి శాంపిల్ గోడకు తగిలించిన పరికరంతో కాదు, మనిషి కాలర్‌కు పెట్టిన ఫిల్టర్‌తో తీయాలి. నడుముకు పంపు, ముక్కుకు 30 సెంటీమీటర్లలోపు క్యాసెట్, పూర్తి షిఫ్ట్. తెరిచి మూసేసిన ఖాళీ క్యాసెట్‌ను కూడా ల్యాబ్‌కు పంపండి. దారిలో కలుషితమైతే అది చెబుతుంది.

ఒక ద్రావకం ఆవిరి రెండు గంటలు 120 పీపీఎం, అయిదు గంటలు 20, చివరి గంట సున్నా అనుకోండి. 240, 100 కలిపి 8తో భాగిస్తే సగటు 42.5. పరిమితి 50 అయితే కాగితం మీద అంతా సవ్యమే. ఆ రెండు గంటలు తలతిరిగి పడిపోయిన మనిషికి ఈ సగటుతో పనిలేదు. అందుకే 15 నిమిషాల కొలతలు కూడా తీయాలి.

పరిమితికి లోపల ఉంటే క్షేమమన్న నమ్మకమూ వద్దు. వినైల్ క్లోరైడ్‌కు అమెరికాలో 1974 దాకా పరిమితి 500 పీపీఎం. ఆ ముగ్గురి కాలేయాల సంగతి తెలిశాక, 1975కల్లా 1 పీపీఎంకు దించారు. చాలా పరిమితులు వాటిని రాసిన కాలంనాటి జ్ఞానానికి మించి ఏమీ చెప్పవు.

కొన్ని విషాలు గాలిలో దొరకవు. సీసం చేతి నుంచి నోటికి చేరుతుంది, కొన్ని ద్రావకాలు చర్మంలోంచి లోపలికి దిగుతాయి. వాటికి రక్తం, మూత్రం చూడాలి. రంగు తీసే మిథైలిన్ క్లోరైడ్ శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. పొయ్యి, ఇంజన్ లేని గదిలో రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న హిమోగ్లోబిన్) పెరిగి ఉంటే ఆ డబ్బా వైపు చూడండి.

వెళ్లిపోయినవాళ్ల గురించి మొదట్లో అన్నాను. 2000లో అమెరికాలోని మిస్సోరీలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే ఒక ప్లాంటులో పనిచేసి మానేసిన ఎనిమిది మందికి బ్రాంకియోలైటిస్ ఆబ్లిటెరాన్స్ అనే అరుదైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు బయటపడింది. ఫిర్యాదు మొదలైంది మాజీ కార్మికులతో. వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ అప్పుడున్న 135 మందిలో 117 మందిని పరీక్షించింది. ఊపిరి గొట్టాలు బిగిసినవాళ్లు ఆశించినదానికి 3.3 రెట్లు, ఎన్నడూ పొగతాగనివాళ్లలో 10.8 రెట్లు. వెన్నవాసన కోసం కలిపే డయాసిటిల్ ఆవిరిని ఎంత ఎక్కువ పీల్చారో ఊపిరి అంత తగ్గింది. "పొగతాగుతారు కాబట్టి" అన్న సంజాయిషీని పొగతాగనివాళ్ల అంకె కొట్టేసింది. ఇక్కడా సాక్ష్యం పోలికలోనే ఉంది.

పాత జీతాల పట్టికలు, సంఘం సభ్యత్వ జాబితాలు అడిగి తీసుకోండి. మానేసినవాళ్ల ఇంటికి వెళ్లండి. కార్మికులు క్యాంటీన్‌లో మాట్లాడుకునేవి వినండి. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసేవాళ్లు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని తమలో తామే గమనించుకున్నారు. పరీక్ష చేస్తే చాలామందికి వీర్యకణాలు లేవనో, బాగా తక్కువనో తేలింది. ఏ మీటరూ పట్టలేని సంగతిని వాళ్ల కబుర్లే పట్టుకున్నాయి.

## 10. ఆపడం, చెప్పడం, మళ్లీ వెళ్లడం

నియంత్రణకు వరస ఉంది: హానికరమైనదాన్ని తీసేయడం, తక్కువ హాని ఉన్నదానితో మార్చడం, గాలి లాగే ఏర్పాటు, పనివేళల మార్పు, చివరికి మాస్కు. యాజమాన్యాలు మాస్కుతోనే మొదలుపెడతాయి, అది చౌక. గడ్డానికి సరిగా అతకని మాస్కు పెట్టుకుని ఎండలో ఎనిమిది గంటలు పనిచేయడం ఎలా ఉంటుందో సిఫారసు రాసేముందు ఒక గంటైనా పెట్టుకుని చూడండి.

వ్యక్తిగత పరీక్ష ఫలితం ఆ వ్యక్తికే ఇవ్వండి, యజమానికి మొత్తం అంకెలే వెళ్లాలి. పదిమందే పనిచేసే విభాగంలో "54 ఏళ్ల మహిళ" అని రాస్తే పేరు రాసినట్టే. ప్రకటనలో మీకు ఖాయంగా తెలిసింది, ఇంకా చూస్తున్నది, జనం ఇప్పుడు చేయాల్సింది అన్న మూడూ విడివిడిగా చెప్పండి. ఫలితం ఏమీ తేలకపోయినా ఫిర్యాదు చేసినవాళ్లకు వెళ్లి చెప్పాల్సిందే.

ఆహార వ్యాప్తి అయితే, చివరి కేసు తర్వాత గరిష్ఠ పొదిగే కాలానికి రెట్టింపు రోజులు కొత్త కేసు లేకుండా గడిచాక దస్త్రం మూయొచ్చు. పని ప్రదేశంలో అలా మూయడానికి లేదు. కొత్త ఎగ్జాస్ట్ పెట్టాక, అదే మనిషి కాలర్‌కు, అదే పని జరిగే రోజు, అదే పంపుతో మళ్లీ కొలవాలి. మొదటిసారి గేటు దగ్గర కనబడని మానేసినవాళ్ల జాబితాలో ఆ మధ్యలో కొత్త పేర్లేమైనా చేరాయేమో అదే రోజు చూసుకుని రావాలి.